గ్రాంథిక నవలను గట్టెక్కడం ఎలా: ‘రాజశేఖర చరిత్రము’తో పద్దెనిమిది రోజులు

మీ చేతిలో ‘రాజశేఖర చరిత్రము’ ఉంది. మొదటి పేజీ మూడుసార్లు చదివారు. గోదావరి ఎక్కడో పుట్టింది, ఎన్నో చోట్ల తిరిగింది, వాక్యం మాత్రం ఇంకా ముగియలేదు. పుస్తకం మూసి బజారులో దొరికే గైడు తెరుద్దామా అనిపిస్తోంది. కాస్త ఆగండి. ఆ దారిలో వెళ్లి మునిగినవాణ్ణి నేను.

నాది కోనసీమలో ఒక లంక గ్రామం. పొద్దున్నే పంటు మీద పాయ దాటి, అవతలి గట్టున బస్సు పట్టుకుని కాలేజీకి వెళ్లేవాణ్ణి. బి.ఏ. రెండో ఏడాది మాకు ఈ నవల పాఠ్యపుస్తకం. నవల కొన్నాను, గైడు చదివాను. ఒకరోజు తరగతిలో మాస్టారు లేపి, “రాజశేఖరుడిగారి ఇంట్లో బైరాగి ఏం చేశాడు?” అని అడిగారు. “మూఢనమ్మకాలకు ప్రతీకగా నిలిచాడు సార్” అన్నాను. “నిలిస్తే నిలిచాడు. ఏం చేశాడు?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. బంగారం చేసిపెడతానని నమ్మించి, ఇంట్లో ఉన్న బంగారం కాస్తా పట్టుకుపోయాడన్న ముక్క గైడులో ఉండే ఉంటుంది. నేను ‘ప్రతీక’ దగ్గరే ఆగిపోయాను.

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని నవల తెరిచి గొణుక్కుంటుంటే, మా మామ్మ “ఏమిటిరా ఆ సణుగుడు? పైకి చదువు, నేనూ వింటాను” అంది. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. పైకి చదివాను. నన్ను ప్రతి పంక్తిలోనూ ఆపిన ‘ఏల’, ‘పిదప’, ‘అంతట’ ఆవిడకు అడ్డమే కాలేదు. రామాలయంలో ఏళ్ల తరబడి పురాణం విన్న చెవి అది. ఈ భాష కంటికి కొత్తగా ఉంటుందే కానీ చెవికి సగం తెలిసినదేనని అప్పుడు అర్థమైంది. కింద చెప్పేదంతా ఆ ఒక్క సంగతి మీద కట్టిన పద్ధతి.

ముందు కథ తెలుసుకోండి

కథ ముందే తెలిస్తే రుచి పోతుందని భయపడకండి. హరిశ్చంద్ర నాటకానికి వెళ్లినవాళ్లెవరూ చివర ఏమవుతుందో తెలియక వెళ్లలేదు. తెలుసు కాబట్టే పద్యం మీద, నటుడి గొంతు మీద దృష్టి పెట్టగలిగారు. మీకు భాషతోనే కుస్తీ ఉంది, కథతో రెండో కుస్తీ ఎందుకు?

కథ ఇది. ధవళగిరిలో, అంటే నేటి ధవళేశ్వరంలో, రాజశేఖరుడు సంపన్నుడైన గృహస్థు. చేయి పెద్దది, నమ్మే గుణం ఇంకా పెద్దది. భార్య మాణిక్యాంబ, కూతుళ్లు రుక్మిణి, సీత, కొడుకు సుబ్రహ్మణ్యం. పొగిడి భోంచేసేవాళ్లు, జాతకాలు చెప్పేవాళ్లు, బంగారం చేస్తానన్న బైరాగి కలిసి ఆ ఇంటిని గుల్ల చేస్తారు. ఆస్తి పోయాక కుటుంబం కాశీకి బయలుదేరుతుంది. దారిలో దొంగలు పడతారు. రుక్మిణి చనిపోయిందనుకుని మిగిలినవాళ్లు ముందుకు సాగుతారు. ఆమె బతికి మగవేషంలో తిరుగుతుంది. చనిపోయాడని కబురు వచ్చిన ఆమె భర్త నిజానికి బతికే ఉంటాడు. రాజశేఖరుడు చెరసాల పాలవుతాడు. దారిలో పరిచయమైన రామరాజు అనే సామాన్యుడు మారువేషంలో ఉన్న పెద్దాపురం ప్రభువు కృష్ణజగపతి అని చివర్లో తేలుతుంది. ఆయన చలవతో విడిపోయినవాళ్లు కలుస్తారు.

ఇంగ్లీషు సాహిత్యం చదివినవారికి ఈ వరస ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దీనికి ప్రేరణ. అక్కడా ఆస్తి పోతుంది, అక్కడా మంచివాడు జైలుకు వెళ్తాడు, చనిపోయిందనుకున్న కూతురు తిరిగి వస్తుంది, అక్కడా మారువేషంలో ఒక పెద్దమనిషి తిరుగుతుంటాడు. అయినా దీన్ని అనువాదం అనడానికి నాకు మనసొప్పదు. కట్టు అక్కడిదే, కాపురం మాత్రం ఇక్కడిది. ఆ బైరాగిని, ఆ జ్యోతిష్కుణ్ణి ఏ ఇంగ్లండు పల్లె నుంచీ తేలేరు.

మొదటి ప్రకరణంలోని వర్ణనను చివరికి వదిలేయండి

నవలలో పదిహేను ప్రకరణాలున్నాయి. ఎక్కువమంది మునిగేది మొదటిదాని మొదట్లోనే. అందులో తప్పు మీది కాదు, మీరు నవల అనుకుని తెరిచారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దీన్ని 1878లో తన ‘వివేకవర్ధని’ పత్రికలో అచ్చువేయడం మొదలుపెట్టినప్పుడు తెలుగులో ‘నవల’ అన్న మాటే లేదు. ఆయన దీన్ని ‘వచన ప్రబంధము’ అన్నారు. తరువాత దీని మీద విమర్శ రాసిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ‘నవల’ అన్నారు, ఆ పేరు నిలిచిపోయింది.

ప్రబంధం ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. ‘మనుచరిత్ర’ అరుణాస్పదపురంతో మొదలైనట్టు, ఇది గోదావరితో, ధవళగిరితో, కొండ మీది గుడితో మొదలవుతుంది. పాఠకుణ్ణి ఊళ్లోకి ఊరేగింపుగా తీసుకెళ్లడం ఆనాటి మర్యాద. ఈనాటి విద్యార్థికి అది వాకిట్లోనే తలుపు వేసినట్టుంటుంది. కాబట్టి వర్ణన ఆగి మనుషులు కనిపించే చోట వేలు పెట్టి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. వదిలేసిన పేజీలకు పదిహేడో రోజున తిరిగి వద్దాం.

అచ్చు చూసి బెదరకండి

ఈ పని ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, కానీ చేయకుండా ముందుకు వెళ్తే పదిహేను ప్రకరణాలూ కష్టపెడతాయి.

పాత ముద్రణల్లో సగం సున్న, అంటే అరసున్న, అడుగడుగునా కనిపిస్తుంది. దాన్ని పలకనక్కర లేదు, కంటితో దాటేయండి. ‘కొఱకు’లో బండి ఱ ను మామూలు ‘ర’గానే చదవండి. అసలు చిక్కు వేరే చోట ఉంది. ‘ఇంటికిఁ బోయి’ అని ఉంటుంది. బోయి ఏమిటని మీరు ఆగుతారు. అది ‘పోయి’. ‘వానిఁ జూచి’ అంటే వాణ్ణి చూసి. ‘మాటలఁ దలఁచి’ అంటే మాటలను తలచి. ముందు మాట చివర అరసున్న గానీ నకారం గానీ ఉంటే, తరువాతి మాటలోని క, చ, ట, త, ప వరుసగా గ, జ, డ, ద, బ అవుతాయి. పదో తరగతిలో సరళాదేశ సంధి అని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నది ఇదే. కొత్త ముద్రణల్లో అరసున్న తీసేసి ‘ఇంటికి బోయి’ అని వేస్తారు, అప్పుడు అచ్చుతప్పులా కనిపిస్తుంది. తప్పు కాదు.

దీనికి చెల్లెలు ఇంకొకటి ఉంది: గసడదవాదేశం. పేరు వింటే నాలుక మడతపడుతుంది కానీ, మీరు రోజూ వాడుతున్నారు. తల్లి, తండ్రి కలిస్తే ‘తల్లిదండ్రులు’ అంటున్నారు తప్ప ‘తల్లితండ్రులు’ అంటే చెవికి ఎలాగో ఉంటుంది. కూర, కాయ కలిసి ‘కూరగాయ’ అయింది. నోటికి తెలిసిన సంగతే, పేరే భయపెడుతోంది.

ఇక య. మాట మొదట్లో ‘య’ కనిపిస్తే దాన్ని ఒలిచి చూడండి. ‘యొక’ అంటే ఒక, ‘యామె’ అంటే ఆమె, ‘యెదురు’ అంటే ఎదురు. అచ్చ తెలుగు మాట యకారంతో మొదలుకాదన్నది పాత నియమం. యాత్ర, యజమాని లాంటి సంస్కృత పదాలను వదిలేస్తే మిగిలిన యకారాలన్నీ రెండు మాటల మధ్య వేసిన మాసికలే. ‘అంతట నాతఁడు’ అన్నప్పుడు ఆ ‘నా’ లోని నకారమూ అంతే, ముందు మాటది వచ్చి అతుక్కుంది. అక్కడున్నది ‘ఆతడు’.

ఇది నిఘంటువు చూసేటప్పుడు బాగా పనికొస్తుంది. ‘జూచి’ కోసం జకారంలో వెతికి, దొరకలేదని నిఘంటువును తిట్టిన రోజులు నాకున్నాయి. వెనక్కి తిప్పి చకారంలో చూడాలి. శబ్దరత్నాకరం, బ్రౌణ్య నిఘంటువు రెండూ ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకే చోట వెతకవచ్చు. అయితే పేజీకి మూడు మాటలకు మించి వెతకవద్దు. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి కథ చేతిలోంచి జారిపోతుంది.

క్రియల సంగతి ఇంకా తేలిక. వచ్చెను అంటే వచ్చాడు, వచ్చింది. వచ్చిరి అంటే వచ్చారు. పోవుచుండఁగా అంటే వెళ్తూ ఉండగా. వచ్చినను అంటే వచ్చినా. చేసెడి అంటే చేసే. ఏల అంటే ఎందుకు. ఈ అరడజను తెలిస్తే మిగిలినవి వాటంతట అవే దారి ఇస్తాయి.

వాక్యాన్ని లాకుల్లోంచి దాటించండి

మాటలు తెలిసినా వాక్యం తెలియకపోవడం అసలు కష్టం. పంతులుగారి వాక్యం పొడుగు. క్రియ చివర్లో ఉంటుంది, మధ్యలో ‘పోయి, పిలిచి, చెప్పి’ అంటూ అసమాపక క్రియలు వరసగా వస్తాయి. చివరికి చేరేసరికి మొదట్లో ఎవరు బయలుదేరారో మరచిపోతాం.

మన కాలువల మీద లాకులు చూశారు కదా. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూస్తారు, నీళ్లు సమం చేస్తారు, అప్పుడు ముందు తలుపు తీస్తారు. ఒకేసారి రెండు తలుపులూ తీస్తే పడవ బోల్తా పడుతుంది. ప్రతి అసమాపక క్రియా ఒక లాకు అనుకోండి. అక్కడ పెన్సిలుతో నిలువు గీత గీసి, ఊపిరి తీసుకుని, అప్పటివరకు జరిగింది మనసులో సరిచూసుకుని ముందుకు వెళ్లండి.

సాధన కోసం నేను కట్టిన వాక్యం ఒకటి చూడండి, నవలలోది కాదు: “అంతట నాతఁడు తన యింటికిఁ బోయి, భార్యను బిలిచి, జరిగినదంతయుఁ జెప్పి, యామె యేమనునో యని యెదురుచూచుచుండెను.” దీన్ని మూడు గీతలతో విడదీస్తే ఇలా వస్తుంది. అప్పుడు అతను తన ఇంటికి వెళ్లాడు. భార్యను పిలిచాడు. జరిగినదంతా చెప్పాడు. ఆమె ఏమంటుందో అని ఎదురుచూస్తున్నాడు. నాలుగు చిన్న వాక్యాలను ఒక తాడుకు కట్టారు, అంతకు మించి మాయ ఏమీ లేదు. మొదటి మూడు రోజులు ప్రతి పొడుగు వాక్యానికీ గీతలు గీయండి. నాలుగో రోజుకు చేయి దానంతటదే ఆగుతుంది, గీతలు నోటిలోకి వస్తాయి.

గీత గీయడానికి ముందు ఒక చిన్న పని: వాక్యం చివరికి వెళ్లి క్రియ చూడండి. చెప్పిరా, పోయెనా, ఏడ్చెనా? ఎవరు చేశారో వెనక్కి వచ్చి వెతకండి. వాక్యం ఎటు పోతుందో తెలిశాక మధ్యలో ఎన్ని వర్ణనలు వచ్చినా తికమక ఉండదు.

పైకి చదవండి, వినే మనిషిని వెతకండి

ఈ పద్ధతికి గుండె ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడను.

ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లను కూర్చోబెట్టండి. మామ్మ, తాతయ్య, పక్కింటి పిన్నిగారు, ఎవరైనా సరే. పుస్తకం వాళ్లు చదివి ఉండాల్సిన పని లేదు. హరికథలు, పురాణాలు విన్నవాళ్లయితే మరీ మంచిది. రోజుకు ఒక ప్రకరణం, రాత్రి భోజనాలయ్యాక. నా అనుభవంలో గంట, గంటన్నర పడుతుంది. వినేవాళ్లు “ఆగు, ఎవరు చెప్పారు?” అని అడిగినచోట మీకు అర్థం కాలేదని తేలిపోతుంది. కళ్లతో చదివేటప్పుడు ఆ మోసం బయటపడదు. కన్ను దాటేస్తుంది, నోరు దాటలేదు.

మా మామ్మ విన్న తీరు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బైరాగి ఇంట్లో కాలు పెట్టగానే “వీడు దొంగ” అంది. నేను ఇంకా చదవలేదే అన్నాను. “నువ్వు చదవనక్కర లేదురా. మా పెదనాన్న ఇంటికి ఒకడు ఇలాగే వచ్చాడు. రాగి చెంబు ఇస్తే బంగారం చేస్తానన్నాడు. చెంబూ పోయింది, చెవులవీ పోయాయి” అంది. ఆ తరువాత ప్రతి రాత్రీ మొదటి ప్రశ్న “ఏరా, ఆ బైరాగి ఇంకా వెళ్లలేదా?” అనే. చివరికి వాడు సొమ్ముతో ఉడాయించిన ఘట్టం చదువుతుంటే ఆవిడ నవ్వలేదు. “రాజశేఖరుడి భార్య ఒంటి మీద ఏమైనా మిగిల్చాడా?” అని అడిగింది. రసవాదం, మూఢవిశ్వాసం అని నేను పరీక్షలో రాసిన మాటలన్నిటికీ వెనక ఒక ఇల్లాలి మెడ ఉందని నాకు తట్టింది ఆ ప్రశ్నతోనే.

దొంగలు పడి రుక్మిణిని వదిలి వెళ్లిన చోట ఆవిడ ఆ రాత్రికి ఇక చదవవద్దంది. కథ నాకు తెలుసు, “బతికే ఉంటుంది మామ్మా” అన్నాను. “వాళ్లకు తెలియదుగా” అంది. విమర్శ గ్రంథాల్లో ఇంతకంటే మంచి వాక్యం నేను చాలా తక్కువ చూశాను.

హాస్టలులో ఉంటే? ఇద్దరు స్నేహితులు చాలు. ఒకరు పేజీ చదివితే రెండోవారు మామూలు తెలుగులో తిరిగి చెప్పాలి, తరువాతి పేజీకి వంతులు మారాలి. ఒంటరిగా ఉన్నవారు ఫోనులో రికార్డు చేసుకుని, మర్నాడు బస్సులో వినండి. మీ గొంతు మీకే తడబడినట్టు వినిపించిన చోటల్లా లాకు తప్పిందన్నమాట, ఆ వాక్యానికి తిరిగి వెళ్లండి. నేను పంటు మీద పొద్దున్నే ముందురోజు ప్రకరణాన్ని మనసులో చెప్పుకునేవాణ్ణి. పాయ దాటేలోపు చెప్పలేకపోతే ఆ రాత్రి మళ్లీ చదవడమే.

కథాకాలంలోకి వెళ్లండి, బ్యారేజీ తీసేయండి

ధవళేశ్వరం అనగానే మన కళ్లకు ముందు వచ్చేది బ్యారేజీ. కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఇప్పుడు మనం మీదుగా తిరిగే బ్యారేజీ ఇంకా కొత్తది. నవలలోని కథ పెద్దాపురం రాజుల కాలానిది. కాబట్టి చదివేటప్పుడు మనసులోంచి ఆనకట్టను, కాలువలను, రెండు పంటల వరిచేలను తీసేయండి. గోదావరి మీద హేవలాక్ రైలు వంతెన 1900 నాటికి గానీ రాలేదు, రైలునూ తీసేయండి. అప్పుడు కాశీ ప్రయాణం అంటే ఏమిటో అర్థమవుతుంది. టికెట్టు కొనుక్కుని వెళ్లి గంగలో మునిగి వచ్చే పని కాదు. అప్పగింతలు పెట్టుకుని, తిరిగి వస్తామో రామో తెలియకుండా బయలుదేరే పని. కాశీకి వెళ్లినవాడు చనిపోయాడని కబురు వస్తే జనం ఎందుకు నమ్మారో, నిజమో కాదో తేల్చుకునే దారి ఎందుకు లేదో అప్పుడు తెలుస్తుంది. కథలోని యాదృచ్ఛికాలు మరీ ఎక్కువని విసుక్కునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం విసుగు తగ్గుతుంది. మిగతా సగం న్యాయమైనదే. చివరి ప్రకరణాల్లో అందరూ అందరికీ దొరికిపోవడం నాకూ కాస్త ఎక్కువనిపిస్తుంది.

నవ్వు ఎక్కడుందో గమనించండి

ఈ పుస్తకం గంభీరమైనదని ఎవరు పుట్టించారో తెలియదు. పంతులుగారు ముఖం కదపకుండా వెక్కిరిస్తారు. పొగిడినట్టే రాస్తారు, గిల్లినట్టు తరువాత తెలుస్తుంది. ఆస్తి ఉన్నన్నాళ్లు రాజశేఖరుడి చుట్టూ చేరిన బంధుమిత్రులు ఆస్తి పోయాక ఎలా ముఖం చాటేస్తారో చూడండి. ఎవరి మంచితనాన్నైనా మూడు విశేషణాలతో పొగిడారంటే అనుమానించండి. పైకి చదివినప్పుడు ఈ వెటకారం గొంతులోకి దానంతటదే వస్తుంది. రాకపోతే ఆ పేరా రెండోసారి, ఊళ్లో రచ్చబండ మీద కూర్చుని ఎదుటివాడి గొప్పలు చెబుతున్నట్టు చదివి చూడండి.

నోటుపుస్తకంలో మూడు పేజీలే

ఒక పేజీలో మనుషులు, వాళ్ల చుట్టరికాలు. రెండో పేజీలో ప్రకరణానికి రెండు పంక్తుల కథ. మూడో పేజీలో మోసాలు: ఎవరు, దేన్ని నమ్మించి, ఏం పట్టుకుపోయారు. ఈ మూడో పేజీ మీకు పరీక్షలో పెట్టుబడి. సాంఘిక పరిస్థితుల మీద వ్యాసం అడిగితే జ్యోతిషం, మంత్రాలు, రసవాదం, ముఖస్తుతి అన్నీ ఘట్టాలతో సహా అక్కడే ఉంటాయి. సందర్భ సహిత వ్యాఖ్యలకు వాక్యాలు బట్టీ పట్టవద్దు. గీతలు గీసి పైకి చదివినవాళ్లకు ఏ వాక్యం ఏ ఘట్టంలోదో గొంతే చెబుతుంది.

పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న మరొకటి: ఇది తొలి తెలుగు నవలా కాదా? నరహరి గోపాలకృష్ణమశెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872లోనే వచ్చింది. ఆ తేదీ చెప్పి, ఆ తరువాత నవల అనే దారి వేసింది మాత్రం రాజశేఖర చరిత్రమే అని రాస్తే సరిపోతుంది. ఈ తగవు మీద రెండు పేజీలు ఖర్చు చేయకండి.

ఖర్చు చేయవలసిన చోటు రుక్మిణి. లోకం దృష్టిలో ఆమె భర్త పోయిన మనిషి. రాసినాయన మన దేశంలో వితంతు వివాహాల పేరు చెబితే ముందు గుర్తొచ్చేవారిలో ఒకరు, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి. ఆయనే అంతకు మూడేళ్ల ముందు మొదలుపెట్టిన నవలలో రుక్మిణికి మళ్లీ పెళ్లి చేయలేదు. భర్తను బతికించి తెచ్చారు. ఎందుకు? పాఠకులు అంత దూరం రారని ఊరుకున్నారా? సుఖాంతం కావాలన్న ప్రబంధ మర్యాద అడ్డొచ్చిందా? లేక అప్పటికి ఆయనే ఆ మెట్టు ఎక్కలేదా? నాకు మొదటిదే నిజమనిపిస్తుంది, ఆయన తన పాఠకులను బాగా ఎరిగినవారు. మీకు మరోటి అనిపిస్తే అదే రాయండి, కానీ ఘట్టం చూపించి రాయండి. గైడులో ఈ ప్రశ్న ఉండదు.

భాష గురించి అడిగితే ఒక్క మాట చాలు. ఇంత గట్టి గ్రాంథికం రాసిన పంతులుగారే తుదినాళ్లలో, 1919లో, గిడుగు రామమూర్తిగారితో కలిసి వాడుక భాష పక్షాన నిలబడి వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. మీరు ఈ భాషతో పడిన అవస్థ ఆయనకూ అర్థమైందన్నమాట.

రోజుల లెక్క

మొదటి రోజు కథ, అచ్చు సంగతులు, మొదటి ప్రకరణంలో మనుషులు కనిపించే భాగం. రెండో రోజు రెండో ప్రకరణం, మూడో రోజు మూడోది, అలా పదిహేనో రోజున పదిహేనోది. రోజు సంఖ్యే ప్రకరణం సంఖ్య కాబట్టి వెనకబడితే వెంటనే తెలుస్తుంది. పదహారో రోజు జ్వరానికీ, చుట్టాలకీ, తుపానుకీ కేటాయించండి. గోదావరి జిల్లాల్లో ఈ మూడింటిలో ఒకటి వచ్చి తీరుతుంది. పదిహేడో రోజు సంగతి చివర్లో చెబుతాను. పద్దెనిమిదో రోజు సమాధానాలు రాసుకోవడానికి.

పుస్తకం దొరకలేదన్న సాకు చెల్లదు. తెలుగు వికీసోర్సులో మొత్తం పాఠం ఉచితంగా ఉంది. ఫోనులో చదివితే గీతలు గీయలేరు కాబట్టి, రోజుకు ఒక ప్రకరణం చొప్పున ప్రింటు తీసుకోండి. పాత ముద్రణలు చూడాలనిపిస్తే రాజమహేంద్రవరంలో 1898లో మొదలైన గౌతమీ గ్రంథాలయం ఉంది. పాత కాగితాన్ని మాత్రం నెమ్మదిగా తిప్పండి.

పదిహేడో రోజు

ఈ రోజు ధవళేశ్వరం వెళ్లండి. కోనసీమ వైపువారికి బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటితే వచ్చేస్తుంది, రాజమహేంద్రవరం వైపువారికి ఇంకా దగ్గర. ఎండ ముదరకముందే కొండెక్కి, జనార్దనస్వామి గుడి దగ్గర కూర్చుని, మొదటి రోజు వదిలేసిన వర్ణనను పైకి చదవండి. నది ఎక్కడి నుంచి వచ్చిందో, కొండ ఎటు ఉందో, ఊరు ఎటు పరుచుకుందో పుస్తకం చెబుతున్నప్పుడు తల ఎత్తి చూడండి. దిగువన గౌతమిగా, వశిష్ఠగా విడిపోయే నీళ్లు కళ్ల ముందే ఉంటాయి. మొదట్లో మూడుసార్లు చదివినా ముగియని ఆ వాక్యానికి పెన్సిలు గీతలు అవసరం పడతాయో లేదో చూసుకోండి. నాకు ఒక్కచోట పడింది. అది మామ్మను అడుగుదామని పేజీ మూల మడిచి, కిందికి దిగి బస్సెక్కాను.